ఎనిమిదింటికి, నాయనా

పోయిన ఏడాది ఈస్టరుకు నేను మా నాయనకు చెప్పిన అబద్ధం ఒక్క అంకె. ఐదు అనవలసిన చోట ఎనిమిది అన్నాను. అట్లా చెప్పమని నన్నెవరూ ఎగదోయలేదు. మా అత్తగారింట్లో ఆయనను చిన్నచూపు చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ సాకు కూడా నాకు లేదు కాబట్టి, జరిగింది జరిగినట్టే చెబుతాను.

నా పేరు ఫెబా. నంద్యాలలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచర్ని. చర్చి క్వయర్‌లో పాడతాను. మా ఆయన సుందరరాజుది బ్యాంకు ఉద్యోగం. మా అత్తమ్మ లూదియమ్మ హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయింది. మా నాయన ప్రభుదాసు మాత్రం ఆళ్ళగడ్డ అవతల మా పల్లెలోనే ఉంటాడు. అమ్మ పోయాక ఒక్కడే. బావుల్లో పూడిక తీయడం ఆయన పని.

అంతకు ముందటి జూన్‌లో, వానలు రాకముందే పూడిక తీయించాలని ఒక రైతు పిలిస్తే బావిలోకి ఇద్దరు దిగారు. మా నాయన, ఆయన జతగాడు సంజీవయ్య. మధ్యాహ్నం పూట ఒడ్డు విరిగి ఇద్దరి మీదా పడింది. మర్నాడు పొద్దున దాకా ఊరంతా తవ్వింది. మా నాయన ప్రాణాలతో బయటికి వచ్చాడు. సంజీవయ్య రాలేదు.

ఆ తర్వాత మా నాయన ప్రార్థన గుడిలో ఊరికే కూర్చోలేని మనిషైపోయాడు.

ఈస్టరుకు ముందు వారం, మట్టల ఆదివారం నాడు నంద్యాలకు వచ్చాడు. చర్చిలో మా అత్తమ్మ పక్కన మూడో బెంచీలో కూర్చోబెట్టాను. నేను తెల్లచీర కట్టుకుని ముందర క్వయర్‌లో నిలబడ్డాను. రెండో పాట సగంలో ఉండగా మా నాయన బెంచీలోంచి లేచి నడిమి దారిలోకి వచ్చాడు. చేతిలో ఈతమట్ట. రెండు చేతులూ పైకెత్తి ఎగరడం మొదలుపెట్టాడు.

"స్తోత్రం సామీ! మట్టి తీసినావే! స్తోత్రం!"

గొంతులో ఆ రోజు దూరిన మట్టి ఇంకా ఉందేమో అన్నట్టుంటుంది ఆయన గొంతు. మేము నెమ్మదిగా నాలుగు స్వరాల్లో పాడుతున్న పాటకు అది అడ్డం పడింది. కళ్ళనీళ్ళు, ముక్కునీళ్ళు ఒకటై కారుతుంటే తుడుచుకోడు. పంచె ఒకవైపు జారుతుంటే చూసుకోడు. వెనక బెంచీల్లో పిల్లలు నవ్వారు. ఎవరో ఫోన్ ఎత్తి పట్టుకున్నారు. కీబోర్డు వాయించే అబ్బాయి తాళం తప్పాడు.

నా పక్కన పాడే షాలిని నా చెవి దగ్గరికి వంగింది. "ఎవరక్కా ఆయన? భలే ఎగురుతాండాడే."

"ఊర్నించి వచ్చినారు," అన్నాను.

అబద్ధం కాదు. ఊరి నుంచే వచ్చాడు.

ఆరాధన అయ్యాక మా చర్చి పాస్టరు అయ్యగారు ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు. "ప్రభుదాసన్నా, ఈస్టరు పొద్దు సమాధుల తోటలో ఆరాధన ఉంటాది. నువ్వొచ్చి, దేవుడు నిన్నెట్ల కాపాడినాడో సాక్ష్యం చెప్పాల."

"నాకు మాటలు రావయ్యా. పాటైతే వస్తాది."

"పాటే పాడు. టైము ఫెబాతో చెప్పి పంపుతా."

బస్టాండుకు ఆటోలో పోతున్నప్పుడు మా నాయన నా మొహం చూశాడు.

"ఏందీ తల్లీ, అట్లుండావ్?"

"అంత ఎగరాల్నా నాయనా? ఇది టౌను. ఈడ అందురూ చదువుకున్నోళ్ళు."

"చదువుకున్నోళ్ళకు సంతోషం రాదా?" అన్నాడు. ఎగతాళిగా కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

గురువారం సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక అయ్యగారు నన్ను పిలిచి చెప్పారు. ఆదివారం తెల్లారుజామున ఐదింటికి ఆరాధన. మీ నాయనను శనివారమే వచ్చి మీ ఇంట్లో పండుకోమను, అన్నారు. ఇంటికి వచ్చి వరండాలో నిలబడి ఫోన్ చేశాను. ఏం చెప్పాలో ముందుగా ఏమీ అనుకోలేదు. ఆ మాట మాత్రం నిజం.

"ఎన్ని గంటలకంట తల్లీ?" అన్నాడు, నేను నోరు తెరవకముందే.

"ఎనిమిదింటికి, నాయనా."

"ఎనిమిదింటికా? ఎండ ఎక్కుతాది గదా. యేసు సమాధి కాడికి ఆ ఆడోళ్ళు పోయింది చీకటితోనే గదా."

"టౌన్లో అట్లనే. అందురూ లేసి తయారై రావాల గదా."

"సరేలే. మొదటి బస్సుకే వస్తాం."

"వస్తాం అంటే? ఇంకెవురు?"

"సలోమి గూడా వస్తాంది."

సలోమి అంటే సంజీవయ్య భార్య. మొగుణ్ణి పూడ్చిన రోజు నుంచి ఆమె గుడి గడప తొక్కలేదు. ప్రార్థన చేయడానికి ఇంటికి వచ్చినవాళ్ళకు మంచినీళ్ళిచ్చి, దండం పెట్టి పంపేసేది. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు.

"పది నెలలాయె," అన్నాడు మా నాయన, గొంతు తగ్గించి. "నిన్న నేను పోయి, నువ్వు రాకపోతే నేను గూడా పోనంటిని. నన్ను కాసేపు చూసి, సరే వస్తాలే అన్నా, అనింది. చాలా సంతోషంగా ఉంది తల్లీ నాకు."

అక్కడ దిద్దుకోవచ్చు. "అయ్యో నాయనా, మరిచిపోయినా, ఐదింటికి" అంటే అయిపోయేది. నోరు తెరిచాను కూడా. మళ్ళీ నడిమి దారిలో ఆ ఎగురుడు, ఆ ఫోను, షాలిని నవ్వు కళ్ళ ముందుకు వచ్చాయి. "సరే నాయనా, జాగ్రత్తగా రండి" అని పెట్టేశాను.

నా లెక్క ఒకటి ఉండింది. ఎనిమిదింటికల్లా తోటలో ఎవరూ ఉండరు. నేను గేటు దగ్గర నిలబడి, కార్యక్రమం ముందే అయిపోయిందని చెప్పి, ఇద్దరినీ ఇంటికి తీసుకుపోయి కడుపునిండా పెట్టి, చర్చిలో తొమ్మిదిన్నర ఆరాధనకు వెనక బెంచీలో కూర్చోబెట్టాలి. ఎవరికీ నష్టం లేదనుకున్నాను.

శనివారం సాయంత్రం మా ఆయన అడిగాడు, "మామ ఇంకా రాలేదే?" అని.

"తెల్లారి బండి మాట్లాడుకొని నేరుగా తోటకే వస్తాడంట," అన్నాను. ఒకటి చెప్పాక రెండోది చెప్పడానికి కష్టపడాల్సిన పని లేదు.

ఈస్టరు తెల్లారుజామున సమాధుల తోట నిండిపోయింది. ముందురోజే సున్నం కొట్టిన సమాధుల మీద పూలు, కొవ్వొత్తులు. మేము క్వయర్ వాళ్ళం ఒక అరుగు మీద నిలబడ్డాం. సాక్ష్యం వేళకు అయ్యగారు నా వైపు వచ్చారు.

"మీ నాయన యాడమ్మా?"

"ఒంట్లో బాగలేదంట అయ్యా. ఇప్పుడే ఫోన్ చేసినాడు."

రెండడుగుల దూరంలో ఉన్న మా అత్తమ్మ తల తిప్పి నన్ను చూసింది. నా ఫోను ఇంట్లో ఛార్జింగుకు పెట్టి ఉందని ఆమెకు తెలుసు.

ఆ రోజు మేము పాడినంత బాగా ఎప్పుడూ పాడలేదు. ఒక్క స్వరం తప్పలేదు. తూర్పున ఎర్రబడుతుంటే అయ్యగారు "క్రీస్తు లేచియున్నాడు!" అన్నారు. "నిజముగా లేచియున్నాడు!" అని అందరితో పాటు నేనూ అన్నాను. ఒకరి చేతులు ఒకరు పట్టుకుని అదే మాట చెప్పుకున్నాం. కనీసం నలభై మందికి చెప్పి ఉంటాను, నవ్వుతూ.

ఆరాధన ఆరున్నరకు అయిపోయినా జనం కదల్లేదు. టీ, బన్నులు పంచుతుంటే సమాధుల మధ్య నిలబడి మాట్లాడుకుంటున్నారు. ఏడూ పావుకు నేను పాటల కాగితాలు ఏరుకుంటూ తలెత్తేసరికి గేటులోంచి మా నాయన వస్తున్నాడు.

తెల్లచొక్కాకు మెడ దాకా గుండీలు పెట్టుకున్నాడు. సంకలో కంజిర ఉన్న గుడ్డసంచి. పక్కన సలోమి, మడతలు విప్పి కట్టిన నీలం చీరలో, చేతిలో కొవ్వొత్తుల పొట్లంతో. ఇద్దరూ గబగబా నడుస్తున్నారు.

"ముందుగానే వచ్చినాం తల్లీ!" అని దూరం నుంచే కేక వేశాడు. "బస్సోడు బేగా తెచ్చినాడు!"

దగ్గరికి వచ్చాక చుట్టూ చూశాడు. కరిగిపోయిన కొవ్వొత్తులు, టీ గ్లాసులు, మడతపెట్టి పేర్చిన కుర్చీలు. నవ్వు మొహం మీద అట్లాగే ఉంది. ఎందుకున్నదో దానికే తెలియనట్టు ఉంది.

అయ్యగారు ఆదరాబాదరా వచ్చారు. "ప్రభుదాసన్నా! ఒళ్ళు బాగలేదన్నావంట గదా. ఐదింటికని అమ్మాయితో చెప్పి పంపితిమే."

మా నాయన నన్ను చూశాడు. ఒక్కసారి. ఎంతసేపో చెప్పలేను, రెప్ప వేసినంత సేపేమో. తర్వాత అయ్యగారి వైపు తిరిగి చేతులు జోడించాడు.

"నేనే సరిగ్గా వినలేదయ్యా. మట్టి దూరిన చెవులు గదా ఇవి. పాప ఐదనే చెప్పింటాది."

నా చేతిలో పాటల కాగితాలు ఉన్నాయి. వాటిని సర్దుతూ నిలబడ్డాను. "కాదయ్యా, నేనే ఎనిమిదని చెప్పినా" అనడానికి ఒక నిమిషం ఉండింది. ఆ నిమిషాన్ని కాగితాలు సర్దడంలో గడిపేశాను.

సలోమికి అన్నీ తెలుసు. ఎనిమిది అని ఎవరు చెప్పారో మా నాయన ఆమెకు చెప్పే ఉంటాడు. ఆమె నా వైపు చూడలేదు. కొవ్వొత్తుల పొట్లం కొంగులో చుట్టుకుంది.

"అయిపోయింది గదా. పోదాం పా అన్నా," అని వెనక్కి తిరిగింది.

"యాడికి పోతావ్?" అన్నాడు మా నాయన.

"అంతా అయిపోతే ఇంగేముంది ఈడ?"

"ఏందీ అయిపోయేది? ఆయన ఐదింటికి లేసి ఆరింటికి మళ్ళా పండుకున్నాడా? ఎనిమిదింటికి గూడా లేసినోడే గదా! నిలబడు."

సంచిలోంచి కంజిర తీశాడు. టీ తాగుతున్నవాళ్ళు చూస్తున్నారు. ఎవరి సమాధో తెలియని ఒక సమాధి ముందు నిలబడి, కళ్ళు మూసుకుని, ఆ బొంగురు గొంతుతో ఎత్తుకున్నాడు. తనే కట్టుకున్న పాట.

"పారతో తవ్వలేదు, పలుగుతో తవ్వలేదు,
లోపల్నుంచే తెరిచినాడు మా సామి..."

తాళం పెరిగేకొద్దీ కాళ్ళు లేచాయి. ఎగిరాడు. పంచె జారింది, ఎగిరాడు. అరవై ఏళ్ళ మనిషి, కన్నబిడ్డ ఏం చేసిందో అప్పుడే తెలుసుకున్న మనిషి, ఆ సంతోషంలో ఒక్క పిసరు తగ్గించుకోకుండా ఎగిరాడు. సిగ్గుతో నా చెవులు మండాయి. అయితే మట్టల ఆదివారం నాటి సిగ్గు కాదిది. ఇప్పుడు నన్నెవరూ చూడటం లేదు.

పాట ఆపి ఆయాసపడుతూ మాట్లాడాడు. మాటలు రావన్న మనిషి.

"నన్ను బయటినుంచి తవ్వి తీసినారు. ఊరోళ్ళు తీసినారు, వాళ్ళ చేతులకు దండం. లోపల నేను, సంజీవయ్య. చీకటి. ఆయప్ప చెయ్యి నా చేతిలోనే ఉండె. రాత్రంతా మాట్లాడుకుంటిమి. తెల్లారబోతాండగా మాట ఆగిపోయె. చెయ్యి చల్లబడె. నేను వదల్లేదు. నన్ను పైకి లాగేటప్పుడు వాళ్ళే విడదీసినారు." సలోమి ఉన్న వైపు చూడకుండానే చెబుతున్నాడు. "నేను బతికినందుకు ఎగురుతాండానని అందురూ అనుకుంటారు. నేను బతికేదెంత, ఇంగ పదేండ్లు. మళ్ళా మట్టిలోకే గదా. ఆ చెయ్యి మళ్ళా వెచ్చబడతాది. అందుకు ఎగురుతాండా. మా సామి లోపల్నుంచి తెరిచినాడు గాబట్టి, ఆ చెయ్యి వెచ్చబడతాది."

మళ్ళీ కంజిర కొట్టాడు. మా అత్తమ్మ టీ గ్లాసు సమాధి అంచున పెట్టి, చెప్పులు విడిచి, చప్పట్లు మొదలుపెట్టింది. గేటు దాటినవాళ్ళు కొందరు వెనక్కి వచ్చారు. కీబోర్డు అబ్బాయి ఖాళీ కుర్చీని డోలులా వాయించాడు. షాలిని పాడింది. సలోమి నిలబడిన చోటే మోకాళ్ళ మీద కూలబడి, కొంగులోంచి పొట్లం తీసి, ఒక్కొక్క కొవ్వొత్తీ వెలిగించి ఆ ఎవరిదో సమాధి మీద పెట్టింది. ఎండలో వాటి మంట కనిపించనే లేదు.

నేను పాడలేదు. నోరు తెరిస్తే ఏం వస్తుందో నాకు తెలియలేదు.

మధ్యాహ్నం మా ఇంట్లో భోంచేసి వాళ్ళిద్దరూ బస్సెక్కారు. ఆ సంగతి మా నాయన ఎత్తనే లేదు. ఎప్పటిలా నా తల మీద చెయ్యి పెట్టి, "ఎండలో నిలబడొద్దు, ఇంటికి పో" అన్నాడు.

సాయంత్రం మా అత్తమ్మ నన్ను కూర్చోబెట్టింది. "ఎనిమిదని చెప్పింది నువ్వేనా?"

"నేనే అత్తమ్మా."

"ఈ ఇంట్లో ఎవరమైనా ఆయనను ఏమైనా అన్నామా?"

"లేదు."

"మరి ఎందుకమ్మా?"

మా ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడాడు గాని, నేను ఏదైనా చెబితే నమ్మే ముందు చిన్నగా ఆగడం మొదలైంది. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆగుతాడు.

తర్వాతి ఆదివారం నేనొక్కదాన్నే మా పల్లెకు పోయాను. రేకుల కప్పు ప్రార్థన మందిరం, చాపలు, ఒకటే ఫ్యాను. సాక్ష్యాల వేళ లేచి నిలబడి, జరిగింది మొత్తం చెప్పాను. మా నాయన గురించి సిగ్గుపడ్డానని, ఎనిమిదని అబద్ధం చెప్పానని. చెబుతూ ఏడ్చాను. మా నాయన తలెత్తలేదు. కంజిర అంచును బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు. నేను కూర్చోగానే వేరే పాట ఎత్తుకున్నాడు.

ఇంటికి వచ్చాక అన్నం పెడుతుంటే అన్నాడు, "అందురి ముందర ఎందుకు చెప్పినావ్?"

"తప్పు ఒప్పుకుందామని నాయనా."

"నాకు తెల్సు. దేవునికి తెల్సు. ఇంగ ఊరంతా నా బిడ్డ తప్పు ఎందుకు వినాల? నువ్వు చెప్పాల్సింది ఒక్క మనిషికి. ఆమె ఈ పొద్దు మందిరానికి రాలేదు, చూసినావా? కూతురికి జరమని ఇంట్లో ఉంది. ఆడికి పోయి చెప్పు." తర్వాత పప్పు వేయమన్నాడు.

చూడలేదు. అంతమంది ముందు నిలబడి ఏడ్చినదాన్ని, సలోమి లేదన్న సంగతే చూసుకోలేదు.

సలోమి వాకిట్లో మిరపకాయలు తొడిమలు తీస్తోంది. ఎదురుగా కూర్చుని చెప్పాను. ఈసారి ఏడుపు రాలేదు. ఆమె చేతులు ఆపకుండానే విన్నది.

"నాకు ఆ పొద్దే తెల్సమ్మా," అన్నది. "నేను గేటు కాన్నుంచి తిరిగిపోయింటే ఇంగ మళ్ళా వచ్చేదాన్ని గాదు. చచ్చేదాకా వచ్చేదాన్ని గాదు. అది నువ్వు మతిలో పెట్టుకో. అంతకంటే నేననేది లేదు."

"పెట్టుకుంటా అత్తా."

కొన్ని కాయలు నా ముందుకు తోసింది. ఇద్దరం తొడిమలు తీశాం. కాసేపటికి ఆమె అడిగింది, "చెయ్యి పట్టుకొనుండె అని మీ నాయన చెప్పె గదా. రాత్రంతా మాట్లాడుకున్నారని. ఏం మాట్లాడుకున్నారంట? అడిగే ధైర్యం నాకు రాలేదు. నువ్వు బిడ్డవు గదా, నీకు చెప్పింటాడు."

"నాకు చెప్పలేదత్తా."

"నువ్వు అడగలేదా?"

పది నెలలు. మధ్యలో ఎన్నోసార్లు ఫోన్లో మాట్లాడాను. మందులు వేసుకున్నావా అన్నాను. దగ్గు తగ్గిందా అన్నాను. ఆ బావిలో ఏం జరిగిందని ఒక్కసారి కూడా అడగలేదు.

"లేదత్తా," అన్నాను. ఎనిమిదని చెప్పానని ఒప్పుకున్నప్పటికంటే ఈ మాట చెప్పడమే కష్టమైంది.

సలోమి నన్ను చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఇంక ఆ చూపును తట్టుకోలేక లేచి వచ్చేశాను.

మా నాయన మంచం మీద పడుకుని ఉన్నాడు. నంద్యాల బస్సుకు ఇంకా అరగంట ఉంది. మంచం పట్టె మీద కూర్చున్నాను.

"నాయనా, ఆ రాత్రి బావిలో మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారు?"

ఆయన లేచి కూర్చున్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. గోడ మీది గడియారం చూసి, మళ్ళీ నన్ను చూసి, మొహమాటంగా అడిగాడు.

"శానా ఉంది తల్లీ చెప్పేది. నీకు టైముందా?"